పంచాయతీ ప్రణాళికలో మొదటి పద్దు దేనికి రాయాలి: బోరుకా, చెరువుకా, పాలకేంద్రానికా?

పాకాల వార్డు సభ్యురాలు

అందరికీ నమస్కారం. దామలచెరువుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న పంచాయతీలో నేను వార్డు సభ్యురాలిని. వచ్చే గ్రామసభలో చదివి వినిపించవలసిన అభివృద్ధి ప్రణాళిక ముసాయిదాను రాసే బాధ్యత, డిగ్రీ వరకూ చదువుకున్నానన్న కారణంతో నాకు అప్పగించారు. పదిహేను రోజులుగా ఇంటింటికీ తిరిగి రాసుకున్న నోటుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటే, మొదటి వాక్యం ఏది రాయాలో తెలియడం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

మా ఊళ్లో ఇప్పుడు ఆకలితో పడుకునే ఇల్లు లేదు. రేషన్ బియ్యం వస్తున్నాయి, కరెంటు ఉంది, వీధుల్లో సిమెంటు రోడ్లు పడ్డాయి, దాదాపు అందరి చేతిలోనూ ఫోను ఉంది. ఇరవై ఏళ్ల కిందటి కష్టం ఇప్పుడు లేదని మా అమ్మే చెబుతుంది. అయినా నేను గడప తొక్కిన ఇళ్లలో సగానికి పైగా ఇళ్ల నుంచి ఒకరు బెంగళూరులోనో చెన్నైలోనో పనిలో ఉన్నారు. వాళ్లు పంపే డబ్బు ఒక నెల ఆగితే ఇక్కడి ఇల్లు వడ్డీ కట్టలేని స్థితిలో పడుతుంది. అప్పులు దేనికి చేశారని అడిగితే నాలుగే జవాబులు వచ్చాయి: బోరు, ఆసుపత్రి, పెళ్లి, పిల్లల చదువు. మా నాన్న కూడా మూడు బోర్లు వేయించారు. చివరిది 950 అడుగులు దించినా దుమ్మే వచ్చింది. ఆ అప్పు తీర్చడానికి మా తమ్ముడు బెంగళూరు వెళ్లాడు.

గంట ప్రయాణం చేస్తే తిరుపతి. అక్కడ 1954లో మొదలైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. కొండకు రోజూ వేలసంఖ్యలో జనం వస్తూ పోతూ ఉంటారు. మామిడి మన దగ్గరే పండుతుంది, పాలు మన దగ్గరే పితుకుతారు. ఇంత సంపద మన చుట్టూ తిరుగుతూ కూడా మన ఊళ్లో ఎందుకు నిలవడం లేదన్నదే నన్ను వేధిస్తున్న ప్రశ్న.

పంచాయతీ అధికారాల మాటకొస్తే, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 11వ షెడ్యూలులో 29 విషయాలను పేర్కొంది. చిన్న నీటివనరులు, పాడి, స్త్రీ శిశు సంక్షేమం అందులో ఉన్నాయి. కాగితం మీద అన్నీ మనవే. చేతిలో ఉన్న డబ్బు మాత్రం వేరే కథ చెబుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చే నిధిలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపెట్టింది. మిగిలిన 40 శాతంతోనే మిగతా అవసరాలన్నీ చూసుకోవాలి. అందువల్ల ఒక పని మొదట, మిగిలినవి తరువాత అని తేల్చక తప్పదు.

మా వీధి పెద్దలు వ్యవసాయానికి సామూహిక బోరు వేయించాలంటున్నారు. మామిడి రైతులు ర్యాంపు దాకా, అంటే కాయలు కొనే చోటు దాకా, రోడ్డు అడుగుతున్నారు. సంఘాల్లోని ఆడవాళ్లు పాలకు సరైన ధర వచ్చే ఏర్పాటు కావాలంటున్నారు. అన్నీ చేయాలన్న జవాబు నాకు ఉపయోగపడదు. మొదట ఏది చేయాలి, ఎందుకు చేయాలి అన్నది అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

---

కలుజుగట్టు

అమ్మా, నేను నీటిపారుదల పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పయ్యేళ్లు చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. పాత చిత్తూరు జిల్లాలో నేను నడవని చెరువుకట్టలు తక్కువ. నా మాట ముందే చెబుతాను: సామూహిక బోరు పద్దును ముసాయిదాలో రాయవద్దు.

మన జిల్లాను కరువు జిల్లా అని పిలిచి పిలిచి, ఇక్కడ వాన పడదన్న నమ్మకాన్ని మనమే పెంచుకున్నాం. సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్లు. పడమటి మండలాల్లో అంతకన్నా తక్కువ, తూర్పున ఎక్కువ. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ మనకు వానలిస్తాయి. చిక్కు ఏమిటంటే, ఆ వాన కొద్ది రోజుల్లోనే కురిసి వెళ్లిపోతుంది. 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. తిరుపతి వీధుల్లో వాహనాలు కొట్టుకుపోయాయి. ఆ నీరంతా ఎక్కడికి పోయింది? వంకలు పట్టుకుని సముద్రానికి పోయింది. దాన్ని ఆపడానికి మన పూర్వులు కట్టినవే గొలుసుకట్టు చెరువులు. పై చెరువు కలుజు, అంటే అలుగు, పారితే ఆ నీరు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదానిలోకి చేరేటట్లు, జిల్లా అంతటా వేలసంఖ్యలో కట్టారు.

వాటిని ఎవరు బాగు చేయించేవారన్నది చాలామంది మరిచిపోయిన సంగతి. చెరువు కట్టించినవారికి, దాన్ని ఏటేటా మరమ్మతు చేసేవారికి దశబంధం ఈనాము కింద భూమి ఇచ్చేవారు. ఆ భూమి ఫలం అనుభవించాలంటే చెరువు బాగుండేటట్లు చూసుకోవాలి. ఆ ఏర్పాటులో అన్యాయాలు లేవని నేను అనను. ఈనాము ఎవరి చేతుల్లో ఉండేదో, కట్ట మీద మట్టి ఎవరు మోసేవారో మనందరికీ తెలుసు. అయితే 1956లో ఈనాములు రద్దయినప్పుడు, భూమి పట్టాలుగా మారింది గానీ, చెరువును చూసుకునే బాధ్యత ఎవరి మెడకూ చుట్టుకోలేదు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. నేను చూసినంతలో ఆ సంఘాలు చాలాచోట్ల గుత్తపనుల సంఘాలుగానే మిగిలాయి. తూము తిప్పే నీరుగట్టి ఉద్యోగం ఊళ్లో లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి బోరు వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక ఆ వేగం పెరిగింది. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను, ఎన్నో కుటుంబాలు దానివల్లే సేద్యంలో నిలిచాయి. కానీ మన నేల కింద ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన రాతిపొరలో వాననీరు ఇంకి నిలుస్తుంది, దాని కిందకు పోతే రాతి పగుళ్లలో దొరికినంతే నీరు. పై పొర ఎండిపోయాక 900 అడుగులు దింపడమంటే పగులు తగులుతుందేమోనని ఆశపడడమే. ఒకవేళ తగిలినా, అది చాలావరకు పక్కవాడి బోరుకు కూడా ఆధారమైన పగులే అయి ఉంటుంది. మీ నాన్నగారి మూడో బోరులో 950 అడుగులు దించినా నీరు పడకపోవడంలో తప్పు ఆయనది కాదు. ఊరంతా ఒకే కుండలో గొట్టాలు వేసి పీలుస్తుంటే, ఆఖరున వచ్చినవారికి దుమ్మే మిగులుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, బోరుకూ బోరుకూ మధ్య దూరం పాటించాలని, అనుమతి తీసుకోవాలని చెబుతోంది. ఆ అనుమతి అడిగి బోరు వేయించిన రైతును నేను చాలా తక్కువగా చూశాను.

అందువల్ల మొదటి పద్దు చెరువుకు రాయండి. అయితే 'చెరువు పూడిక తీయుట' అని రాసి ఊరుకోవద్దు. యంత్రాలు దించి చెరువు మధ్యలో గుంటలు తవ్వడం కళ్లకు కనిపించే పని, బిల్లుకు అనువైన పని. చెరువు ఎండడానికి అసలు కారణం ఎక్కువసార్లు పైన ఉంటుంది. నీటిని తెచ్చే వంక కంపచెట్లతో మూసుకుపోయి ఉంటుంది, లేదా ఎవరో దున్ని పొలంలో కలుపుకుని ఉంటారు. ఒక రోజు పెట్టుకుని ఊరి పిల్లలతో కలిసి, చెరువు నోటి నుంచి వంక వెంట పైకి గుట్ట దాకా నడవండి. ఎక్కడ నీరు దారి తప్పుతుందో గుర్తులు పెట్టండి. ఆ పటమే మీ ప్రణాళికలో మొదటి పేజీ కావాలి.

డబ్బు మాటకొస్తే, మీరు చెప్పిన 60 శాతంలో నీటికి ముడిపెట్టిన భాగంలోనే వాననీటిని నిల్వచేసే పనులకూ అవకాశముంది. మట్టిపనిని ఉపాధి పనుల్లో పెట్టించుకోవచ్చు. 2006 ఫిబ్రవరి 2న పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ఆ పథకం మొదలైనప్పుడు, తొలి విడత జిల్లాల్లో మనదీ ఒకటి. ఇన్నేళ్లలో ఆ పనిదినాలలో సగమైనా వంకల మీద పెట్టి ఉంటే పరిస్థితి ఇలా ఉండేది కాదని నా బాధ. ఇంకొకటి: ఊళ్లోని ప్రతి బోరు లోతు, వేసిన సంవత్సరం, ఇప్పుడు నీరుందా లేదా అన్నది ఒక రిజిస్టరులో రాయించండి. దానికి పైసా ఖర్చు లేదు. ఆ రిజిస్టరును గ్రామసభలో చదివి వినిపిస్తే, కొత్త బోరు అడిగినవారికి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

---

పాలకేంద్రం పాతకాపు

అన్నగారు చెరువు గురించి చెప్పిన ప్రతి మాటా నిజం. కానీ మొదటి పద్దు విషయంలో నేను ఒప్పుకోలేకపోతున్నాను. చెరువు నిండడానికి రెండు మూడు వానకాలాలు పట్టవచ్చు. ఈ లోపల ఆ ఇళ్లలో వడ్డీ ఆగదు. పైగా నీరు ఉన్న ఊళ్లలో మాత్రం రైతు అప్పులేకుండా ఉన్నాడా? నీరు వస్తే పంట వస్తుంది, కానీ ఆ పంటకు ధర కట్టే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

మామిడినే చూడండి. చెనక్కాయ వానలకు నిలవక, కూలీలు దొరకక, మన రైతులు ఏటేటా మెట్టభూములను మామిడి తోటలుగా మార్చారు. అందులో ఎక్కువ భాగం తోతాపురి, అంటే గుజ్జుకు పనికివచ్చే కాయ. అది బేనిషా మాదిరి సంతలో తినడానికి అమ్ముడుపోదు. కొనేవి జూస్ ఫ్యాక్టరీలే, అవి లెక్కకు కొన్నే. కాయ అంతా దాదాపు ఒకేసారి కోతకు వస్తుంది, కోసిన కాయను రోజుల తరబడి నిలబెట్టలేం. అంటే అమ్మేవాడు వేలమందిలో ఒకడు, కొనేవాడు పదిమందిలో ఒకడు, ఆగగలిగే శక్తి కొనేవాడికే ఉంది. 2025 సీజనులో గుజ్జుకు గిరాకీ తగ్గి ధర పడిపోతే, ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని నిర్ణయించింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. ఆ ఎనిమిది కూడా చేతికందక ర్యాంపుల ముందు ట్రాక్టర్లతో రాత్రులు గడిపిన రైతులను నేను చూశాను. టమాటా రైతయితే వచ్చే పంటకు ఇంకేదైనా వేసుకోవచ్చు. పన్నెండేళ్లు పెంచిన తోటను ఒక్క ఏడాది ధర చూసి కొట్టేయగలమా? రోడ్డు వేస్తే కాయ ర్యాంపుకు త్వరగా చేరుతుంది, అక్కడి ధర మాత్రం మారదు. అందుకే ఆ రోడ్డు పద్దును నేను వెనక్కి పెడతాను.

పాల సంగతి వేరు, అందుకే దాని మీద ఎక్కువ చెబుతాను. నేను సహకార పాలకేంద్రంలో గుమస్తాగా పనిచేసినవాణ్ణి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినప్పుడు నా ఉద్యోగం పోయింది. దానికన్నా పెద్ద నష్టం ఒకటి జరిగింది. అప్పటివరకూ ప్రైవేటు వ్యాపారి ధర తగ్గించాలంటే సహకార సంఘం ధర ఏమిటో చూసుకోవలసి వచ్చేది. అది పోయాక, పోల్చి చూసుకోవడానికి రైతుకు రెండో ధర లేకుండా పోయింది. మన చక్కెర సహకార కర్మాగారాలు మూతపడ్డప్పుడు చెరకు రైతుకు జరిగిందీ ఇదే. నిర్వహణలో లోపాలు ఉన్నాయి, జోక్యాలు ఉన్నాయి, నేను లోపల ఉండి చూసినవాణ్ణి, కాదనను. అయినా తూకం దగ్గర నిలబడి 'నా పాలకు ఇంతేనా' అని అడగడానికి రైతుకు ఒక సంస్థ ఉండేది.

పాల ధర ఎలా కడతారో చాలామందికి తెలియదు. లీటరుకు ఇంత అని ఉండదు. వెన్న ఎంత శాతం, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్, ఎంత శాతం అన్నదాన్ని బట్టి పట్టిక ఉంటుంది. ఆవుపాలకు 3.5 వెన్న, 8.5 ఎస్‌ఎన్‌ఎఫ్ అన్నది వ్యాపారంలో వాడే కొలమానం. ఆ అంకెలకు దిగువన ఒక్కొక్క పాయింటుకూ ధర తగ్గుతుంది. కొలిచే యంత్రం కొనేవాడిది, చీటీ రాసేది కొనేవాడే. మా ఇంటి పాలను ఒక సేకరణ కేంద్రంలో నెలరోజులు 8.1 అని రాశారు. అదే ఉదయం పాలను సీసాలో పట్టుకెళ్లి వేరేచోట పరీక్ష చేయిస్తే 8.4 వచ్చింది. తేడా చిన్నదే అనిపిస్తుంది, ఏడాదికి లెక్కవేసుకుంటే దాణా ఖర్చులో మంచి భాగం.

అందువల్ల పంచాయతీ డెయిరీ పెట్టాలని నేను అనడం లేదు, ఆ భారం మోయలేరు. 40 శాతం నిధిలోంచి ఒక పాల పరీక్ష యంత్రం, ఒక తూకం యంత్రం కొని ఊరి సచివాలయంలో పెట్టండి. సంఘంలో చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలకు నేర్పండి. ఎవరైనా తమ పాలను అక్కడ ఉచితంగా చూసుకుని, ఆ తరువాత ఎక్కడైనా పోసుకోవచ్చు. ఆ చీటీ చేతిలో ఉన్న రోజు నుంచి బేరంలో మాట తీరు మారుతుంది. ఆపైన సొంతంగా సంఘం కట్టాలనుకుంటే దారులున్నాయి. మన రాష్ట్రంలో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది, ఉత్పత్తిదారుల కంపెనీ పద్ధతి ఉంది. తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థలో సభ్యులంతా ఆడవాళ్లే, వాటాదారులు కూడా వాళ్లే. మీ మండలంలో వాళ్ల కేంద్రం ఉందేమో వెళ్లి చూడండి. పాల డబ్బు ఆడవాళ్ల ఖాతాలో పడితే ఆ ఇంట్లో నిర్ణయం ఎలా మారుతుందో అక్కడి సభ్యులే చెబుతారు.

ఒక్క విషయంలో అన్నగారి మాట దాటలేను. మనవి ఎక్కువగా జెర్సీ, హెచ్ఎఫ్ సంకరజాతి ఆవులు. వాటికి పచ్చిమేత లేకపోతే పాలూ ఉండవు, ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా పడిపోతుంది. మేతకు మళ్లీ నీరే కావాలి.

---

సత్యవేడు షిఫ్టు

అక్కా, పెద్దవాళ్లిద్దరూ చెప్పినవి శ్రద్ధగా చదివాను. నేను సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను, వయసు 24. మా ఊరు పుత్తూరు పక్కన. ఇద్దరూ చెరువు గురించి, ఆవు గురించి చెప్పారు. ఆ ఆవుకు మేత కోసి, పాలు పితికి, ఆ చెరువు మట్టిని తట్టకెత్తే మనుషుల ఒంట్లో రక్తం ఎంత ఉందో కూడా ప్రణాళికలో ఉండాలని నా కోరిక.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. 20-24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తానికి ఆ అంకె 23.3. దక్షిణాదిలో ఉండి, ఇన్ని కళాశాలలు పెట్టుకుని, దేశ సగటు కన్నా మనం వెనకబడి ఉన్నామన్న విషయం ఏ వేదిక మీదా ఎవరూ పలకరు. నాతో పదో తరగతి చదివిన నా స్నేహితురాలు ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆమె నాకన్నా బాగా లెక్కలు చేసేది.

మా ఇంట్లో నా పెళ్లి ఆగడానికి కారణం నా జీతం. ఇంటర్ కాగానే ఉద్యోగంలో చేరాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సు వస్తే, షిఫ్టు అయ్యి ఇల్లు చేరేసరికి సాయంత్రం. ఆ జీతంతో తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజు కట్టాను. అందుకే ఫ్యాక్టరీలు వద్దని నేను అనలేను, మా లాంటివాళ్లకు ఇల్లు దాటే దారి అదే అయింది. కానీ నేను మొదట చేరినచోట మమ్మల్ని కంపెనీ తీసుకోలేదు, మనుషులను సరఫరా చేసే ఒక ఏజెన్సీ తీసుకుంది. ఏడాది నిండేలోపు ఒప్పందం ఆపి, మళ్లీ కొత్తగా చేర్చుకునేవారు. పీఎఫ్ ఎంత జమ అయిందో అడిగిన ఇద్దరిని తరువాతి నెల పిలవలేదు. పెళ్లైన తరువాత పనికి వచ్చేవాళ్లు మా లైనులో చాలా కొద్దిమంది. ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో పత్రికల్లో చదువుతాం, ఒక అమ్మాయి ఆ ఉద్యోగంలో ఎన్నేళ్లు నిలిచిందో ఎక్కడా చదవం.

పంచాయతీ కంపెనీని మార్చలేదని నాకు తెలుసు. చేయగలిగినవి చెబుతాను. మీ ఊళ్లో పది పాసై ఇంటర్‌లో చేరని ఆడపిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం ప్రతి నెలా సమావేశంలో చదవండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, చాలా మంచి పని జరిగింది. కానీ కాలేజీ సమయానికి బస్సే రాని ఊళ్లో ఆ సౌకర్యం ఎవరికి అందుతుంది? డిపోకు పంచాయతీ తీర్మానం పంపండి. బస్టాపు దగ్గర లైటు వేయించండి, చీకట్లో నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏఎన్ఎం అక్కతో మాట్లాడి, సంఘం సమావేశం రోజునే అందరికీ రక్తపరీక్ష జరిగేటట్లు చూడండి. ఇవి పెద్ద పద్దులు కావు, అందుకే ముసాయిదాలో రాకుండా పోతాయేమోనని నా భయం.

---

పాకాల వార్డు సభ్యురాలు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ మాటలు చదివాక నిన్న ఆదివారం పదిమంది పిల్లలతో కలిసి వంక వెంట నడిచాను. కలుజుగట్టు గారు చెప్పినట్లే చెరువులో పూడిక కన్నా పైన మూసుకుపోయిన చోట్లే ఎక్కువ. నాలుగు చోట్ల నీరు దారి మళ్లింది. రెండుచోట్ల కంపచెట్లు, ఒకచోట రోడ్డు కింద పెట్టిన గొట్టం చిన్నది కావడం, మరొకచోట వంకను దున్నేసి చెనక్కాయ వేశారు. ఆ పొలం మా పెదనాన్నది.

మొదటి పద్దు వంకకే రాస్తున్నాను. పాతకాపు గారి పరీక్ష యంత్రాన్ని రెండో పద్దుగా పెడుతున్నాను. చెరువు నిండేవరకూ ఆగలేని ఇళ్లకు ఈ ఏడాదే కొంతైనా దక్కేది అదొక్కటే అనిపించింది. చెల్లీ, నీవు చెప్పిన పేర్ల పట్టిక ఈ రోజే రాశాను. మా చిన్న పంచాయతీలో ఏడుగురు ఉన్నారు, అందులో ఇద్దరికి సంబంధాలు చూస్తున్నారు. ఆ ఇద్దరి తల్లులతో రేపు మాట్లాడబోతున్నాను, ప్రణాళిక ఆమోదం దాకా ఆగే పని కాదిది.

రెండు సందేహాలు మిగిలాయి. మేము సొంతంగా పాలు పరీక్షిస్తే కొనేవాళ్లు కోపం తెచ్చుకుని ఊరికి బండి మానేస్తే ఏం చేయాలి? రెండోది నాకు ఇంకా కష్టమైనది. పెదనాన్న పొలం సంగతి గ్రామసభలో నేనే ఎత్తితే బంధుత్వం తెగుతుంది, ఎత్తకపోతే ఊళ్లో ఇంకెవరి ఆక్రమణ గురించీ మాట్లాడే అర్హత నాకు ఉండదు.

---

పాలకేంద్రం పాతకాపు

అమ్మా, మీ ఊరికి ఎన్ని కంపెనీల పాలబండ్లు వస్తున్నాయో చూసుకోండి. రెండు వస్తుంటే భయం లేదు, ఒకటి మానితే రెండోది తీసుకుంటుంది. ఒక్కటే వస్తుంటే మాత్రం, మొదటి మూడు నెలలు చీటీలు ఇవ్వండి గానీ ఎవరినీ గొడవకు దిగవద్దని చెప్పండి. అంకెలు పుస్తకంలో రాసి ఉంచండి. రెండో కొనుగోలుదారును పిలవడానికి ఆ పుస్తకమే మీకు పనికివస్తుంది: రోజుకు ఎన్ని లీటర్లు, ఎంత వెన్న, ఎంత ఎస్‌ఎన్‌ఎఫ్ అని చూపిస్తే ఎవరైనా బండి పంపడానికి ఆలోచిస్తారు.

---

కలుజుగట్టు

ఆక్రమణ సంగతి సభలో ఎత్తవద్దు, సభకు ముందే తేల్చండి. గ్రామ సర్వేయరు దగ్గర ఎఫ్‌ఎంబీ పటం, అంటే పొలాల హద్దుల కొలతలున్న పటం, నకలు తీసుకుని, మీ నాన్నగారిని వెంటబెట్టుకుని పెదనాన్నగారి ఇంటికి వెళ్లండి. వంక వెడల్పు పటంలో ఎంత ఉందో చూపించండి. నింద మాట రానివ్వకండి, చాలాసార్లు దున్నినవాడికి కూడా అది తాతల నాటి హద్దు అనే నమ్మకం ఉంటుంది. వంక తెరుచుకుంటే ఆయన బోరుకే ముందు ఊట వస్తుంది, ఎందుకంటే ఆ పొలం చెరువుకు పైన ఉంది. నేను చేయించిన పనుల్లో ఈ మాట విని ఒప్పుకున్నవాళ్లే ఎక్కువ. ఒప్పుకుంటే ఆ హద్దును ప్రణాళికలో మొదటిదిగా, ఆయన పేరుతోనే, ఆయన ఇచ్చినట్లుగా రాయండి. నిలబడి ఉన్న పంట మీదికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి. చెనక్కాయ పీకేదాకా ఆగి, ఆ తరువాత రాళ్లు పాతించండి.